ఆపలేని గొంతు: ఒక పిల్లల నవలను విన్న అనుభవం

సభకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో పుస్తకం చదవడం గురించి కాకుండా వినడం గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు సంతోషంగా ఒప్పుకున్నారు. వారికి నా కృతజ్ఞతలు.

నేను మాట్లాడబోయే నవల లోయిస్ లౌరీ రాసిన ‘ద గివర్’. అమెరికాలో 1993లో వెలువడి, మరుసటి ఏడాది అక్కడి బాలసాహిత్యానికిచ్చే న్యూబరీ పతకం అందుకున్న పుస్తకం. నటుడు రాన్ రిఫ్కిన్ చదివిన దాని ఆడియో పుస్తకాన్ని మొన్న వేసవిలో మా పన్నెండేళ్ల అమ్మాయితో కలిసి విన్నాను. మొత్తం 23 అధ్యాయాలు. రోజుకు రెండేసి చొప్పున, ఎక్కువగా వంటింట్లో పని చేసుకుంటూ విన్నాం.

పైకి ఎంతో క్రమంగా, హాయిగా కనిపిస్తూ లోలోపల మనిషితనాన్ని హరించే సమాజాన్ని ఊహించే నవలలను డిస్టోపియా నవలలంటున్నాం. ఈ నవలలోని ఊళ్లో ఆకలి లేదు, గొడవ లేదు. రంగులు లేవు, సంగీతం లేదు, గతం తాలూకు జ్ఞాపకాలూ లేవు. ఆ జ్ఞాపకాలన్నిటినీ ఊరందరి తరఫున ఒకే ఒక్క వృద్ధుడు మోస్తుంటాడు. వాటిని అందుకోవడానికి ఎంపికైన బాలుడు జోనస్.

ఈ కథను వినడమే మేలని నాకు ఎందుకనిపించిందో చెబుతాను. ఆ ఊళ్లో ప్రభుత్వం జనంతో మాట్లాడేది స్పీకర్ల ద్వారా. ప్రతి ఇంటి గోడలోనూ ఒక స్పీకరు ఉంటుంది, దాన్ని ఆపే మీట మాత్రం ఉండదు. జోనస్ ఆటస్థలం నుంచి ఒక ఆపిల్ ఇంటికి తెచ్చుకుంటే, పేరు చెప్పకుండానే, పదకొండేళ్ల మగపిల్లలు ఆటస్థలం నుంచి వస్తువులు తీసుకువెళ్లరాదని ఆ గొంతు గుర్తుచేస్తుంది. దారి తప్పి ఊరి మీదుగా విమానం నడిపిన శిక్షణార్థి పైలట్‌ను ‘విడుదల’ చేస్తున్నామని మొదటి అధ్యాయంలోనే ప్రకటిస్తుంది. ఆ ప్రకటనలో కాస్త వెటకారం ధ్వనించిందనీ, విన్న జోనస్ చిన్నగా నవ్వుకున్నాడనీ రచయిత్రి రాశారు. కాగితం మీద ఆ వాక్యాన్ని ఎప్పుడో చదివాను, గమనించకుండా దాటిపోయాను. చెవిన పడినప్పుడు మాత్రం నేనూ జోనస్‌తో పాటు నవ్వాను. దేనికి నవ్వానో తెలిసింది పంతొమ్మిదో అధ్యాయంలో.

కథలోని మర్మం చెప్పకుండా ఇక్కడ ముందుకు సాగలేను, మన్నించండి. జోనస్ తండ్రి పసిపిల్లల సంరక్షకుడు. ఒకేలా ఉన్న కవలలు పుడితే ఇద్దరినీ తూచి, బరువు తక్కువున్న బిడ్డను ‘విడుదల’ చేయడం ఆయన ఉద్యోగ ధర్మం. జోనస్ దాన్ని రికార్డింగులో చూస్తాడు. తండ్రి బిడ్డను ముద్దుముద్దుగా పలకరిస్తూ, నొప్పిగా ఉంటుందని ఓదారుస్తూ, నుదుటి మీది నరంలోకి సూది ఎక్కిస్తాడు. ఇంట్లో చెల్లెలిని లాలించే గొంతు కూడా అదే. చదివేటప్పుడు భయపడిన కన్ను నాలుగు వరుసలు కిందికి దూకి, ఏమైందో తెలుసుకుని, తేరుకుని మళ్లీ పైకి రాగలదు. చెవికి ఆ వెసులుబాటు లేదు. ఆ లాలన పూర్తయ్యేదాకా, ఒక్కో మాటా వచ్చేదాకా, కూర్చుని వినవలసిందే. మేం అప్పుడు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. మా అమ్మాయి చేతిలోని కాయ సగం ఈనెతో అలాగే ఆగిపోయింది. “అమ్మా, ఆపు” అంది. ఫోనులో ఆపాను. ఆ ఊళ్లో ఎవరింట్లోనూ లేని మీట మా చేతిలో ఉందని అప్పుడు గుర్తొచ్చింది. నిజానికి నవలలో ఒక్కరికి ఆ మీట ఉంది: జ్ఞాపకాలు మోసే ఆ వృద్ధుడికి. ఆయన గదిలోని స్పీకరును ఆపేయవచ్చని తెలిసినప్పుడు జోనస్ నిర్ఘాంతపోతాడు.

తెలుగులో ‘విడుదల’ అనగానే మనకు జైలు గేటు, ఊపిరి పీల్చుకున్న మనిషి గుర్తొస్తారు. అంత మంచి మాటను చంపడానికి వాడుకుంటే ఏమవుతుందో పిల్లలకు వివరించడం కష్టం. మెత్తని గొంతులో వినిపిస్తే వాళ్లకే తెలుస్తుంది.

వినడం చదవడంతో సమానం కాదనే ఉపాధ్యాయులతో నేను కొంతవరకు ఏకీభవిస్తాను. వర్ణక్రమం చెవికి అంటదు, వెనక్కి వెళ్లి సరిచూసుకోవడమూ కష్టమే. అయితే ఈ నవలకు ఆ కష్టం కలిసొచ్చింది. స్నేహితుడితో ఆడుకుంటుండగా ఆపిల్ గాలిలో ఒక్క క్షణం ‘మారింది’ అని మాత్రమే రచయిత్రి చెబుతారు. మారింది రంగు అని మనకు తెలిసేది చాలా తర్వాత. ఆ ప్రశ్నను జోనస్ మోసినట్టే మా అమ్మాయీ రోజుల తరబడి మోసింది. ఒక్క మనవి: ఇటువంటి పుస్తకాన్ని ఒకటిన్నర రెట్ల వేగంతో పెట్టకండి. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఉన్న మౌనం కూడా రచనలో భాగమే.

జోనస్‌కు ఇతరులకు కనిపించనిది కనిపించడం మొదలైతే, ఆ వృద్ధుడికి చిన్నప్పుడు ఇతరులకు వినిపించనిది వినిపించింది. అది సంగీతం. చివరి పుటలో మంచు కొండ మీద జోనస్‌కు తొలిసారి పాట వినిపిస్తుంది. అది ప్రతిధ్వని మాత్రమేనేమో అన్న అనుమానంతో నవల ముగుస్తుంది. రికార్డింగు ఆగాక మా అమ్మాయి “అక్కడ నిజంగా పాట ఉందా అమ్మా?” అని అడిగింది. నాకైతే వినిపించిందన్నాను. తనకు వినిపించలేదట. మర్నాడు ఆ ఆఖరి అధ్యాయాన్ని ఇద్దరం మళ్లీ మొదటినుంచి పెట్టుకుని విన్నాం.