చెవికి వినబడే లెక్క

తమ్ముడు: అక్కా, రికార్డింగ్ మొదలైంది. న్యూజెర్సీలో నీ గరాజ్‌లో ఉన్న ఈ పిన్‌బాల్‌లో, అదే, స్ప్రింగ్‌తో బంతి వదిలి పాయింట్లు కొట్టే ఆట మెషీన్‌లో, చిప్ లేదంటున్నావు. మరి స్కోరు ఎవరు లెక్కపెడుతున్నారు?

అక్క: మూత ఎత్తి చూడు. రిలేలు, అంటే కరెంటుతో పడే స్విచ్‌లు, కరెంటు వస్తే అయస్కాంతమయ్యే కాయిళ్లు, గుత్తులుగా వైర్లు, ఒక చిన్న మోటారు. అంతే! బంతి తగిలితే స్విచ్ ఆనుకుంటుంది, కాయిల్ లాగుతుంది, స్కోరు చక్రం ఒక అంకె తిరుగుతుంది.

తమ్ముడు: తొమ్మిది తర్వాత?

అక్క: అక్కడే ఉంది మజా. 9 నుంచి 0కి వెళ్తూ ఆ చక్రమే ఇంకో స్విచ్ కలిపి పక్కదాన్ని ఒక అంకె జరుపుతుంది. చిన్నప్పుడు సున్నా వేసి ఒకటి పక్కకి వేసేవాళ్లం కదా, అదే. ఒకేసారి 50 పాయింట్లు రావాలంటే మోటారు తిరుగుతూ పదుల చక్రాన్ని ఐదుసార్లు కొడుతుంది. పదులకో గంట, వందలకో గంట. కళ్లు మూసుకున్నా స్కోరు ఎటు పోతోందో తెలుస్తుంది.

తమ్ముడు: దీన్ని న్యూయార్క్‌లో నిషేధించారట?

అక్క: 1942లో. జూదం అన్నారు. మేయర్ లా గార్డియా స్వయంగా సుత్తి పట్టి మెషీన్లు పగలగొట్టాడు. నిజానికి అప్పట్లో బంతిని తిరిగి పైకి కొట్టే ఫ్లిప్పర్లే లేవు. స్ప్రింగ్ లాగి వదిలాక దేవుడిదే భారం! ఫ్లిప్పర్లు 1947లో షికాగో కంపెనీ గాట్‌లీబ్ తెచ్చిన హంప్టీ డంప్టీతో వచ్చాయి. దానికి ఏకంగా ఆరు.

తమ్ముడు: అయినా నిషేధం పోలేదా?

అక్క: 1976 దాకా పోలేదు. ఇది జూదం కాదు, నేర్పు అని చూపించడానికి రోజర్ షార్ప్ అనే ఆటగాణ్ని సిటీ కౌన్సిల్ ముందు ఆడించారు. ఆ మెషీన్‌లో ఏదో మోసం ఉందేమోనని వాళ్లకి అనుమానం! అందుకే పక్కన స్పేర్‌గా తెచ్చిన మెషీన్ మీద ఆడమన్నారు. స్ప్రింగ్ లాగుతూ, బంతి మధ్య దారిలోంచి వస్తుందని ముందే చెప్పాడు. వచ్చింది!

తమ్ముడు: అమ్మో, ఎంత టెన్షన్!

అక్క: అదృష్టం కూడా కలిసొచ్చిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడులే. నిషేధం ఎత్తేశారు. తీరా చూస్తే, 1977 నుంచే పెద్ద కంపెనీలన్నీ ఎలక్ట్రానిక్ బోర్డుల వైపు మళ్లాయి. ఈ టకటకలకి అక్కడితో రోజులు దగ్గరపడ్డాయి.

తమ్ముడు: సరే, ఒక ఆట వేద్దామా?

అక్క: ఆగు. వందల చక్రం ఇరుక్కుంటోంది. ప్లగ్ తీసెయ్, ముందు కాంటాక్టులు తుడవాలి.