చేతుల్లో కనిపించే తప్పు కాళ్ల దగ్గర చూడండి

అందరికీ నమస్కారం. ఈరోజు పిల్లల బేస్‌బాల్ బ్యాటింగ్ గురించి మాట్లాడతాను. ఇక్కడున్న నాన్నల్లో చాలామంది క్రికెట్ ఆడి పెరిగినవాళ్లే కాబట్టి అక్కడే మొదలుపెడతాను. కవర్ డ్రైవ్‌కి ముందు కాలు బంతి దగ్గరికి వేసి, తల మోకాలి మీదికి తెచ్చి, ఒంటి బరువంతా ముందుకు తోస్తాం. బేస్‌బాల్‌లో పిల్లలకు అదే నేర్పితే బంతి రాకముందే ఒళ్లు ముందుకు పడిపోతుంది. ఇక్కడ ముందు కాలు నేలమీద గట్టిగా నిలవాలి. దాని మీద నడుము తిరగాలి, ఆ తర్వాత భుజాలు, చివరికి చేతులు. బలం కింది నుంచే వస్తుంది.

చిన్నపిల్లల్లో నేను ఎక్కువగా చూసేది, చేతులు ఒంటికి దూరంగా చాపి బ్యాట్‌ని పెద్ద చుట్టు తిప్పడం. కోచ్‌లు కాస్టింగ్ అంటారు. బంతి ఒంటికి దగ్గరగా వచ్చిందంటే పిడి దగ్గరే తగులుతుంది. "చేతులు దగ్గర పెట్టు" అని ఎంత అరిచినా మారదు. నడుము తిరగని పిల్లకి చేతులు తప్ప వేరే ఆధారం లేదు మరి! లేదంటే బ్యాట్ బరువైనా ఎక్కువై ఉంటుంది. మైనస్ పది బ్యాట్ అంటే పొడవు అంగుళాల అంకె కంటే బరువు ఔన్సుల అంకె పది తక్కువ: 28 అంగుళాల పొడవుకి 18 ఔన్సుల బరువు. అన్నయ్య వాడిన బ్యాట్ ఇంట్లో ఉంది కదా అని ఇచ్చేయకండి, దయచేసి.

దీనికి నేను నమ్మేది కంచె సాధన. పిడి చివర పొట్టకు ఆనించి, బ్యాట్ కొన కంచెను తాకేంత దూరంలో పిల్లని నిలబెట్టండి. అక్కడి నుంచి కంచెకు తగలకుండా నెమ్మదిగా తిప్పమనండి. చేతులు చాచిన ప్రతిసారీ కంచె మోగుతుంది, మనం నోరు విప్పక్కర్లేదు. అది కుదిరాకే టీ మీద, అంటే బంతిని నిలబెట్టే స్టాండ్ మీద, బంతి పెట్టండి.

"మోచెయ్యి ఎత్తు" అనే కేకలు మాత్రం ఆపేద్దాం. బలం చాలని పిల్ల వెనక మోచెయ్యి అంత ఎత్తున పెడితే, స్వింగ్ మొదలవగానే అది కిందికి జారి బ్యాట్‌ని కూడా లాగేస్తుంది. "పైనుంచి కిందికి కొట్టు" అన్నదీ అంతే. పై నుంచి చెయ్యి తిప్పి వేసిన బంతి దిగుతూ వస్తుంది. 1941లో .406 బ్యాటింగ్ సగటు (వెయ్యి ప్రయత్నాలకు 406 హిట్ల లెక్క) సాధించిన బేస్‌బాల్ ఆటగాడు టెడ్ విలియమ్స్ కూడా బ్యాట్ కొద్దిగా పైకి లేవాలనే చెప్పాడు.

సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలకు ఇంకో మాట. లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్‌లో పిచర్ (బంతి వేసే ఆటగాడు) 46 అడుగుల నుంచి వేస్తే, పన్నెండేళ్లలోపు సాఫ్ట్‌బాల్‌లో 40 అడుగులే. దూరం తక్కువ కాబట్టి సమయమూ తక్కువే; ముందు కాలు ఆలస్యంగా పడితే ఇక ఏ దిద్దుబాటూ పనిచేయదు.

వారానికి ఒక్క తప్పే దిద్దండి, మ్యాచ్ రోజు ఏదీ వద్దు. బయట నెట్ దగ్గర టీలు పెట్టాం. పిల్లల్ని వాళ్ల బ్యాట్‌లతో తీసుకురండి, ముందు బరువులు చూద్దాం.