ఫిరంగుల వెనక పొయ్యి

అందరికీ నమస్కారం. అమెరికా అంతర్యుద్ధం అనగానే మనకు లింకన్, గెటిస్‌బర్గ్, ఫిరంగులు గుర్తొస్తాయి. ఈ సాయంత్రం నేను ఫిరంగుల జోలికి వెళ్లను. అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ సైన్యంలో ఒక వాలంటీరు కంపెనీ వండుకునే పొయ్యి దగ్గర కాసేపు కూర్చుందాం.

1861లో కంపెనీ అంటే దాదాపుగా ఒకే కౌంటీ (మన జిల్లా లాంటిది) కుర్రాళ్లు, లెక్కకు ఓ వంద మంది. కెప్టెన్ని వాళ్లే ఓట్లేసి ఎన్నుకునేవారు. నిన్నటి పక్కింటివాడే ఇవాళ ఆఫీసరు. ఇక క్రమశిక్షణ ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి! వాళ్లకు మొదటి దెబ్బ తగిలింది తట్టు వల్ల. ఊరు దాటి ఎరగని పిల్లలు ఒక్కచోట గుమిగూడేసరికి శిబిరాలకు శిబిరాలే మంచం పట్టాయి. మొత్తం యుద్ధంలో, రెండు పక్షాల్లోనూ, తూటాల కన్నా జబ్బులకు పోయినవాళ్లే ఎక్కువ.

రోజంతా కవాతు, పహారా, కట్టెలు, నీళ్లు. కొద్దిమంది ఒక 'మెస్'గా కలిసి వండుకునేవారు. సరుకేమిటంటే మొక్కజొన్న పిండి, ఉప్పు పట్టిన పంది మాంసం. గిన్నె లేకపోతే పంది కొవ్వుతో కలిపిన పిండిని తుపాకీలో మందు కూరే కడ్డీకి చుట్టి నిప్పు మీద కాల్చేవారు. దాన్ని 'స్లూష్' అనేవారు.

కాఫీకి మాత్రం కటకటే. ఉత్తరాది నౌకలు రేవులన్నీ దిగ్బంధించాయి. (ఆ దెబ్బకే దక్షిణాది పత్తి అందక ఇంగ్లండు మిల్లులు మన దేశం వైపు చూశాయి, అది వేరే కథ.) వేయించిన మొక్కజొన్న, చిలగడదుంప, చివరికి ఓక్ కాయలు కూడా మరిగించి కాఫీ అనుకుని తాగారు. పొగాకుకు మాత్రం కొదవ లేదు. 1862-63 చలికాలంలో వర్జీనియాలోని రాపహానక్ నదికి అటు ఒక సైన్యం, ఇటు ఒకటి. పహారా సిపాయిలు బొమ్మ పడవలు చేసి, ఇటు నుంచి పొగాకు, అటు నుంచి కాఫీ పంపుకునేవారు. ఆఫీసర్లు వద్దన్నా ఆ బేరం ఆగలేదు. ఈ యుద్ధంలో నాకు బాగా నచ్చే దృశ్యం ఇదే.

అయితే ఆ పొయ్యి దగ్గర ఉన్నవాళ్లంతా సిపాయిలు కారు. డబ్బున్న ఇళ్ల కుర్రాళ్లు బానిసల్ని వెంట తెచ్చుకున్నారు. వంట, బట్టలుతకడం వాళ్ల పని. కోటలు, కందకాల కోసం ఇంకా వేలమందిని పట్టుకొచ్చారు. సందు దొరికినవాళ్లు ఎందరో అవతలి సైన్యం వైపు పారిపోయారు. వాళ్లను బానిసలుగానే ఉంచడానికి పుట్టింది ఆ దక్షిణాది ప్రభుత్వం. నెలకు 11 డాలర్ల సిపాయి తన మనసులో ఏమనుకున్నా, కాపలా కాసింది దానికే.

ఆ ప్రభుత్వం వాలంటీర్లకిచ్చిన మాట కూడా నిలబెట్టుకోలేదు. ఏడాదికని సంతకం పెట్టినవాళ్లను 1862 ఏప్రిల్ చట్టంతో మూడేళ్లకు కట్టేసింది. అదే అక్టోబరులో, 20 మంది బానిసలున్న తోటకు ఒక తెల్లవాడి చొప్పున సైన్యంలో చేరనక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. ఇది ఉన్నవాడి యుద్ధం, లేనివాడి పోరాటం అని సిపాయిలు గొణుక్కున్నారంటే తప్పేముంది?

1865 ఏప్రిల్ 9న వర్జీనియాలోని ఆపొమాటాక్స్‌లో దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. తనవాళ్లు ఆకలితో ఉన్నారని ఉత్తరాది సేనాని గ్రాంట్‌కు చెప్పాడు. ఎంతమందికి కావాలని గ్రాంట్ అడిగాడు. 25,000 మందికి సరిపడా తిండి అవతలి శిబిరం నుంచి వచ్చింది.