సమాధికీ పునరుత్థానానికీ మధ్య

సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు వందనాలు.

చనిపోయినవారిని తలచుకునే రోజు, నవంబరు 2 వస్తోందంటే మన సమాధుల తోటల్లో సందడి మొదలవుతుంది. గడ్డి పీకి, సున్నం వేసి, చెరిగిపోయిన పేర్లకు మళ్లీ రంగు దిద్ది, సాయంత్రానికి పూలు, కొవ్వొత్తులు సిద్ధం చేసుకుంటాం. అక్కడ పిల్లలు తప్పకుండా అడుగుతారు, "తాతయ్య ఇప్పుడు ఎక్కడున్నాడు?" అని. మనం పైకి చూపించి "యేసయ్య దగ్గర" అంటాం. ఆ జవాబు తప్పు కాదు గానీ, సగమే. మిగతా సగం గురించి మాట్లాడమని కమిటీవారు నన్ను అడిగారు.

ఆరాధనలో లేచి నిలబడి విశ్వాస ప్రమాణం చెబుతాం కదా, దాని చివర ఏముంది? "శరీర పునరుత్థానమును, నిత్యజీవమును నమ్ముచున్నాను." చనిపోగానే నా ఆత్మ పరలోకానికి వెళ్తుందని నమ్ముచున్నాను అనే మాట అందులో ఎక్కడా లేదు. భూస్థాపనలో మాత్రం మన ప్రసంగమంతా ఆ లేని మాట మీదే నడుస్తుంది. అన్న ఇప్పుడు బంగారు వీధుల్లో నడుస్తున్నాడు, అమ్మ దూతలతో కలిసి పాడుతోంది అంటాం. శరీరం లేస్తుందన్న మాట చివరి ప్రార్థనలో ఒక్కసారి వచ్చి వెళ్లిపోతుంది. కొత్త నిబంధనలో ఇది తలకిందులుగా ఉంటుంది. చివర ఏం జరుగుతుందో అది పేజీలకు పేజీలు చెబుతుంది. చావుకూ ఆ చివరి రోజుకూ మధ్యలో ఏం జరుగుతుందో చెప్పేది నాలుగైదు వాక్యాలే.

గ్రీకు పట్టణం థెస్సలొనీకలోని సంఘాన్ని చూడండి. క్రీస్తు శకం 50 ప్రాంతం. ప్రభువు రేపో మాపో వస్తాడని ఎదురుచూస్తున్న కొత్త విశ్వాసులు వాళ్లు. ఈలోగా కొందరు చనిపోయారు. ప్రభువు వచ్చేసరికి వీళ్లు లేకపోతే ఎలా అని మిగిలినవాళ్లకు టెన్షన్. పౌలు రాసిన జవాబు మనం ప్రతి భూస్థాపనలో చదివేదే: "నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము, నిద్రించుచున్న వారినిగూర్చి మీకు తెలియకుండుట మాకిష్టము లేదు." ఇక్కడ ఆయన చెప్పకుండా వదిలేసింది గమనించండి. వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో ఒక్క ముక్క చెప్పలేదు. "క్రీస్తునందుండి మృతులైన వారు మొదట లేతురు" అన్నాడు. ఆదరించుకోండి అని ఆయన ఇచ్చిన మాట అదే.

ఏథెన్సులో ఆత్మ అమరమని మాత్రం చెప్పి ఊరుకుంటే పౌలును చాలామంది మెచ్చుకునేవారు. శరీరం చెరసాల, ఆత్మ దాన్ని విడిచి వెళ్తే మేలు అని ప్లేటో అప్పటికి నాలుగు వందల ఏళ్ల క్రితమే రాశాడు. ఆ ఊరి సభాస్థలం అరేయొపగులో పౌలును చూసి కొందరు నవ్వింది మృతుల పునరుత్థానం అనే మాట వినగానే. నవ్వుతారని తెలిసి కూడా క్రైస్తవులు ఆ మాట వదలలేదు. సమాధి ఖాళీ కాకపోతే "మీ విశ్వాసము వ్యర్థమే" అని కొరింథీయులకు కుండబద్దలు కొట్టినట్టు రాసింది కూడా పౌలే.

అయితే మధ్యకాలం గురించి గ్రంథం పూర్తిగా మౌనంగా లేదు. సిలువ మీది దొంగతో ప్రభువు "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు. పౌలు ఖైదులో కూర్చుని "వెడలిపోయి క్రీస్తుతోకూడ" ఉండాలని ఆశపడ్డాడు. ప్రకటన ఆరో అధ్యాయంలో హతసాక్షుల ఆత్మలు బలిపీఠం కింద నుంచి "ఎందాక?" అని కేకవేస్తాయి. వాళ్లు దేవుని సన్నిధిలోనే ఉన్నారు, అయినా ఎదురుచూస్తున్నారు. చనిపోయాక ధనవంతుడు యాతనలో, బిచ్చగాడు లాజరు నెమ్మదిగా ఉన్నట్టు ప్రభువు చెప్పిన కథ కూడా చెబుతారు గానీ, ఆ కథ బతికున్న ధనవంతుల చెవులు మెలిపెట్టడానికి చెప్పింది. దాంట్లోంచి పరలోకానికి మ్యాపు గీయడం నాకు సబబుగా అనిపించదు.

ఈ కాస్త వెలుగుతో సంఘం ఎంత తర్జనభర్జన పడిందో తెలియాలంటే 14వ శతాబ్దపు అవిన్యోనుకు వెళ్లాలి. అప్పట్లో పోపులు రోములో కాకుండా, ఈనాటి ఫ్రాన్సులో ఉన్న ఆ పట్టణంలో ఉండేవారు. 1331లో సకల పరిశుద్ధుల పండుగ నాడు 22వ జాన్ పోపు, ఎనభై దాటిన మనిషి, ఒక ప్రసంగం చేశాడు. పరిశుద్ధుల ఆత్మలు ఇప్పుడు క్రీస్తు నీడలో విశ్రాంతిగా ఉన్నాయి, దేవుణ్ని ముఖాముఖిగా చూసేది మాత్రం అంత్యతీర్పు తర్వాతే అన్నాడు. అదే మాట మరికొన్ని ప్రసంగాల్లోనూ చెప్పాడు.

గొడవ మామూలుగా జరగలేదు. థామస్ వాలిస్ అనే ఇంగ్లీషు డొమినికన్ సన్యాసి అవిన్యోనులోనే దీనికి ఎదురు ప్రసంగం చేసి జైలుపాలయ్యాడు. పారిస్ వేదాంత పండితులు పోపు మాట తప్పన్నారు. ఫ్రాన్సు రాజు ఆరవ ఫిలిప్పు కూడా వాళ్ల పక్షమే. చివరికి 1334 డిసెంబరులో, చనిపోవడానికి ముందురోజు, పోపు తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఆయన తర్వాత వచ్చిన 12వ బెనెడిక్టు 1336 జనవరి 29న తీర్పు ఇచ్చాడు: శుద్ధి కావలసింది ఏమీ లేని పరిశుద్ధుల ఆత్మలు, తిరిగి శరీరం ధరించకముందే, దేవుణ్ని ముఖాముఖిగా చూస్తున్నాయి అని. ఆ తీర్పులోనే, చివరి రోజున అందరూ తమ శరీరాలతోనే తీర్పు ముందు నిలబడతారని కూడా చేర్చాడు.

జాన్ పోపు ఓడిపోయాడు, కానీ ఆయన ప్రసంగం లేవనెత్తే ప్రశ్న ఓడిపోలేదని నా అభిప్రాయం. ఆత్మకు ఇప్పుడే సమస్తం దక్కితే ఇక శరీరం లేవడం దేనికి? మన భూస్థాపన ప్రసంగాలను ఈ ప్రశ్న ముందు నిలబెట్టి చూడండి. చాలావాటి దగ్గర జవాబు ఉండదు.

మిగతా తగాదాలు మీకు తెలిసినవే కాబట్టి త్వరగా దాటేస్తాను. చనిపోయినవారి ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించు స్థలం ఉందనీ, అక్కడి ఆత్మలకు మన ప్రార్థనలు సాయపడతాయనీ కతోలిక సంఘం 1274లో లియోన్ సభలో, 1439లో ఫ్లోరెన్సులో, 1563లో ట్రెంటులో చెప్పింది. 1517లో లూథర్ పోరు మొదలైంది ఆ ఆత్మల పేరుతో జరిగిన పాప పరిహార పత్రాల అమ్మకం మీద. మరణాన్ని లూథర్ తరచూ నిద్ర అనేవాడు. ప్రభువు వచ్చి సమాధిని తట్టి, డాక్టర్ మార్టిన్, లే అనేదాకా పడుకుంటానన్నాడు. మరో సంస్కర్త కాల్విన్ ఒప్పుకోలేదు. ఆత్మ నిద్రపోదు, మెలకువగా క్రీస్తుతో ఉంటుందని యౌవనంలోనే ఒక పుస్తకం రాశాడు. "చచ్చినవారు ఏమియు ఎరుగరు" అన్న ప్రసంగి గ్రంథంలోని మాట పట్టుకుని ఎడ్వెంటిస్టులు అనే ప్రొటెస్టెంటు వర్గంవాళ్లు ఇప్పటికీ నిద్ర పక్షమే.

మన గోదావరి జిల్లాల్లో ఇంకో పాయ కూడా ఉంది. 1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు బ్రదరిన్ మిషనరీలు ఇక్కడ పని చేశారు. ఆ బ్రదరిన్ వర్గానికే చెందిన డార్బీ బోధతో, లోకం మీదికి వచ్చే శ్రమల కాలానికి ముందే సంఘం రహస్యంగా ఆకాశానికి ఎత్తబడుతుందన్న నమ్మకం ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు మన ఉజ్జీవ సభల్లో ఎత్తబడుట మీద వినపడినంత పునరుత్థానం మీద వినపడదు. రెండూ పౌలు రాసిన ఒకే పేరాలో ఉన్నాయి, ముందు వచ్చేది పునరుత్థానమే.

మృతుల కోసం ప్రార్థించవద్దని నేర్చుకున్న ప్రొటెస్టెంటు కుటుంబాలు కూడా నవంబరు 2న కొవ్వొత్తి పట్టుకుని సమాధి దగ్గర నిలబడతాయి. పాస్టరుగారు "ఇది జ్ఞాపకార్థమే" అని మైకులో రెండుసార్లు చెబుతారు. నాకు ఇందులో తప్పు కనపడదు. శరీరం లేస్తుందని నమ్మేవాళ్లకు అది పూడ్చిన చోటు విలువైనదే.

పట్నాల్లో స్థలం లేక దహనం చేయవచ్చా అని ఇద్దరు ముగ్గురు చీటీలు పంపారు. చేయవచ్చు. కతోలిక సంఘం 1963లో అనుమతించింది. బూడిదను చల్లవద్దు, పవిత్ర స్థలంలో ఉంచండి అని 2016లో చెప్పింది. అంతకన్నా పాత జవాబు ఈనాటి ఫ్రాన్సులోని లియోన్ పట్టణం నుంచి ఉంది. క్రీస్తు శకం 177లో అక్కడ క్రైస్తవుల్ని చంపారు. తొంభై దాటిన బిషప్ పొతినస్ జైల్లో పోయాడు, బ్లాండినా అనే దాసి ఎన్నో హింసల తర్వాత చనిపోయింది. శవాల్ని ఆరు రోజులు బయట పడేసి, కాల్చి, బూడిదను రోన్ నదిలో ఊడ్చేశారు. అలా చేస్తే వీళ్లకు పునరుత్థానం ఉండదని చంపినవాళ్ల లెక్క. బతికిన క్రైస్తవులు ఆసియా సంఘాలకు ఉత్తరం రాసినప్పుడు ఈ బూడిద సంగతి దాచలేదు. తమవాళ్లను పూడ్చలేకపోయామని బాధపడ్డారు. అయినా, వాళ్లు లేవరేమోనన్న భయం ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.