ఫ్రెండ్స్‌తో డవ్ హంట్: ఎవరి పిట్టలు వాళ్లవే

రికార్డ్ అవుతోందా? ఆ, అవుతోంది. నమస్తే అందరికీ. గాలి సౌండ్ వస్తే కొంచెం సర్దుకోండి, మైక్‌కి తొడిగే బొచ్చు కవర్ ఇంట్లో మర్చిపోయి వచ్చా.

ప్రతి ఆగస్టులో, డవ్‌ల సీజన్ ముందు, అంటే గువ్వల వేట ముందు, నాకు ఇవే ఫోన్లు. "అన్నా, మేం నలుగురం కలిసి డవ్ హంట్‌కి వెళ్దామనుకుంటున్నాం, ఏ గన్ కొనమంటావు?" గన్ సంగతి తర్వాత తమ్ముడూ. నలుగురం అన్నావు చూడు, అసలు సంగతి అక్కడుంది. ఒక్కడివే వెళ్తే తప్పయినా ఒప్పయినా నీతోనే పోతుంది. నలుగురు తుపాకులు పట్టుకుని ఒకే చేలో నిలబడితే ఆ లెక్క వేరు. అందుకే ఈరోజు గురి గురించి చెప్పను. పక్కవాడితో ఎలా ఉండాలి, అదొక్కటే.

ముందే చెప్తున్నా, ఇది టెక్సస్‌లో ఉన్నవాళ్ల కోసం. ఇండియాలో చూస్తున్నవాళ్లు ఊరికే చూడండి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, గువ్వని కొట్టినా కేసే. సెలవులకి ఊరెళ్లి ప్రయత్నిస్తా అనకండి దయచేసి.

సరే, కాగితాలు. గబగబా చెప్పేస్తా. హంటింగ్ లైసెన్స్, దాని మీద మైగ్రేటరీ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్, అంటే వలస పిట్టల వేటకి అదనపు అనుమతి, ఇంకా హిప్ సర్టిఫికేషన్. లైసెన్స్ కొనేటప్పుడే పోయినేడు ఎన్ని కొట్టావు, ఏం కొట్టావు అని అడుగుతారు, ఆ హిప్ అంటే అదే. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉండాలి, అంటే ఈ వీడియో చూసే దాదాపు అందరికీ. 17 నిండితే ఆన్‌లైన్‌లో అయిపోతుంది. అయిపోయిందా? ఒక్కటి మాత్రం ఆగి వినండి. టెక్సస్ లైసెన్స్ ఏడాది ఆగస్టు 31తో అయిపోతుంది. మనకి సీజన్ ఓపెన్ అయ్యేదేమో సెప్టెంబర్ 1. అంటే నిన్నటిదాకా చెల్లిన లైసెన్స్ పొద్దున్నే చెల్లదు! పైగా హెచ్ వన్ లాంటి ఉద్యోగ వీసాల మీద ఉన్నవాళ్లకి ఇది ఇంకా పెద్ద విషయం. ఆ వీసాలతో తుపాకీ దగ్గర పెట్టుకోకూడదనేది ఫెడరల్ రూల్, చెల్లే హంటింగ్ లైసెన్స్ ఉంటేనే మినహాయింపు. లైసెన్స్ పోయిందంటే ఆ మినహాయింపూ పోయినట్టే. కాబట్టి నలుగురూ బయల్దేరే ముందు రాత్రే ఫోన్‌లో లైసెన్స్ ఒకరికొకరు చూపించుకోండి. మొహమాటం వద్దు.

ప్లగ్. ఇదిగో ఈ పుల్ల. మ్యాగజైన్ ట్యూబ్‌లో ఇది ఉండాలి. ట్యూబ్‌లో రెండు, చాంబర్‌లో ఒకటి, మొత్తం మూడు తూటాలే. ఇలా డమ్మీ షెల్స్ వేసి చూసుకోండి... ఒకటి... రెండు... మూడోది దూరట్లేదు కదా, ఓకే. అరువు తెచ్చుకున్న గన్ అయితే తప్పకుండా చూడండి, బాతుల సీజన్‌కీ ఇదే రూల్ కాబట్టి లోపల ఉండే ఉంటుందిలే అనుకుంటాం, క్లీన్ చేసినప్పుడు తీసి పక్కన పడేసి ఉంటారు.

ఇక చేలోకి వద్దాం. ఇది కోల్‌మన్ వైపు, డల్లాస్ నుంచి మూడు గంటల పైనే. డే లీజ్, అంటే ఒక్క రోజు వేటకి చేను అద్దె, మనిషికింత అని ఓనర్‌కి కట్టేశాం. ఆ కనిపించేది పొద్దుతిరుగుడు చేను, ఆ చివర నీళ్లు. ఇక్కడివాళ్లు దాన్ని ట్యాంక్ అంటారు, మన భాషలో కుంట. గువ్వలు సాయంత్రం గింజ తిని నీళ్లకి వస్తాయి, అందుకే ఆ దారిలో కూర్చుంటాం.

మేమెలా కూర్చున్నామో చూడండి. నేనిక్కడ, బావ అక్కడ మెస్కీట్ చెట్టు కింద, మిగతా ఇద్దరు అటు. అందరం ఒకే వరసలో. ఒకరికొకరం కనిపించాలి, ఆరెంజ్ టోపీ నవ్వులాటగా ఉన్నా పెట్టుకోండి. కూర్చోగానే ముందు చెయ్యెత్తి ఊపుతాం, నలుగురూ ఊపాకే లోడ్ చేస్తాం. నా ఎదురుగా ఇంత మేర, ఇదిగో ఇక్కడినుంచి ఇక్కడిదాకా, నాది. ఆ ముక్క దాటితే పిట్ట ఎంత అందంగా వస్తున్నా తుపాకీ దించేయడమే. దాని వెంటే తిరిగిపోతుంటాం చూశారా, చెయ్యి ఆగదు. అది బావ నెత్తి మీదకి పోతుంటే మన గొట్టం కూడా బావ మీదకి పోతుంది.

కిందుగా వచ్చే పిట్టని అసలు కాల్చొద్దు. పిట్ట కింద ఆకాశం కనపడాలి. చెట్టు కనపడితే వద్దు, గడ్డి కనపడితే వద్దు. ఆకాశం కనపడితేనే. మా వాళ్లు "కింద!" అని అరుస్తారు, అందరం ఆగిపోతాం. కొత్తలో ఇంగ్లిష్‌లో అరిచేవాళ్లం, కంగారులో "లో బర్డ్" బదులు ఏవేవో వచ్చేవి. అమ్మ నేర్పిన భాషలోనే అరవండి, త్వరగా వస్తుంది.

మధ్యలో వచ్చే పిట్ట ఎవరిది? పక్కవాడికి దగ్గరగా వస్తుంటే వాడిది. అంతే. నీకు అందుతుందని అరవై గజాల నుంచి పేల్చావనుకో, నీకూ పడదు, వాడికీ దక్కదు, గాయంతో ఎక్కడో పడి చస్తుంది. మా బ్యాచ్‌లో "నీదే!" అని ఒక్క మాట. అన్నవాడు ఇంక తుపాకీ ఎత్తడు. విన్నవాడు తప్పగొట్టినా వీడు ఎత్తడు. ఇది కష్టం, చాలా కష్టం, బావ మూడు తూటాలూ గాలికి పేల్చి నా వైపు చూస్తాడు, నేను థర్మాస్ మూత తీసుకుంటూ కూర్చుంటా.

ఇప్పుడు నేను దెబ్బతిన్న చోటుకి వద్దాం. నిదానంగా చెప్తా.

మన ఊళ్లలో పండక్కి పది ఇళ్లవాళ్లు కలిసి మేకని కోస్తే ఏం చేస్తాం? తాటాకుల మీద పోగులు పెడతాం. తలా ఒక పోగు. ఎవడు పట్టుకున్నాడు, ఎవడు కోశాడు అని ఎవరూ అడగరు. మాకు అదే అలవాటు కదా. రెండో ఏడు ముగ్గురం వచ్చాం, ఒక్క కూలర్ తెచ్చాం, పడ్డ పిట్టని పడ్డట్టు అందులో వేసేశాం. రోజుకి మనిషికి 15, ముగ్గురికీ కలిపి 45, మనవి అంత లేవులే అని ధీమా.

సాయంత్రం గేమ్ వార్డెన్, అంటే వేట రూల్స్ చూసే ఆఫీసర్, వచ్చాడు. చాలా మర్యాదగా, ఎవరివి ఎన్ని అని అడిగాడు. నేను 12 అన్నా. బావ కూడా 12 అన్నాడు. మూడోవాడు 10. మొత్తం 34. కూలర్ బోర్లించి లెక్కపెట్టాడు, 31. మూడు పిట్టలు మా గొప్పలోంచి పుట్టాయి! ఆయన నవ్వాడు గానీ మాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే ఇక్కడ "అందరివీ కలిపి" అనే లెక్కే లేదు. నా 15 నావి, నీ 15 నీవి. నీకు నాలుగే పడ్డాయని నీ కోటా నేను కొట్టిపెట్టకూడదు. కుప్పలో వేశాక నావి 12 అని రుజువేదీ? ఒకడే 20 కొట్టి ఉండొచ్చు కదా, అదీ ఆయన ప్రశ్న. వార్నింగ్‌తో వదిలేశాడు. ఫైన్ రాసినా మాట్లాడ్డానికి మాకేం లేదు.

అందుకే ఇదిగో, మా పరికరం. ఉల్లిపాయల సంచి. ఇండియన్ స్టోర్‌లో వచ్చే ఎర్ర జల్లెడ సంచే, గాలాడుతుంది, కడిగితే పోతుంది. గేమ్ బ్యాగ్ అని షాపులో అమ్ముతారు, ఒకటి కొన్నా, జిప్ రెండో వారానికే ఊడింది. సంచికి రంగు టేపు. నాది పసుపు, బావది నీలం. పిట్ట చేతికి రాగానే నీ సంచిలోకి. కూలర్ ఒక్కటే ఉన్నా పర్లేదు, ఎండకి ఐస్ కావాలి కదా, సంచులు సంచులుగా పెట్టండి, ప్రతి సంచికీ ట్యాగ్. ఇది దగ్గరగా చూపిస్తా... ఫోకస్ అవట్లేదు... ఆ, ఇప్పుడు. పేరు, అడ్రస్, తేదీ, ఏ రకం ఎన్ని, సంతకం. పిట్టల్ని ఎక్కడైనా వదిలి వెళ్లినా, ఇంకొకరి చేతికిచ్చినా ఈ ట్యాగ్ ఉండాల్సిందే. బాల్ పెన్ను వద్దు, తడికి చెరిగిపోతుంది, మార్కర్‌తో రాయండి.

లెక్క మర్చిపోకుండా ఉండడానికి ఒకటి చెప్తా. బటన్ నొక్కే కౌంటర్ కొన్నా, జేబులో దానంతటదే నొక్కుకుని ఒకసారి నాకు 27 చూపించింది. ఇప్పుడు ఎడమ జేబులో 15 పెన్నీలు వేసుకుంటా. పిట్ట పడితే ఒకటి కుడి జేబులోకి. ఎడమది ఖాళీ అయితే గన్ ఖాళీ. వెతికినా దొరకని పిట్టకి కూడా మేం పెన్నీ మారుస్తాం. మా బ్యాచ్ రూల్ అది. వెతకడమైతే చట్టమే అడుగుతుంది, కొట్టి వదిలేసి రాకూడదు. కాబట్టి ఒకటి పడ్డ చోటు నుంచి కన్ను తిప్పకుండా నడవండి, దారిలో రెండోది వచ్చినా వద్దు. లేచే ముందు "వెళ్తున్నా" అని అరవండి, గన్ తెరిచి పట్టుకోండి. చెయ్యి పెట్టే ముందు గడ్డిలోకి చూడండి, ఇక్కడ గిలక పాములున్నాయి.

14 అయ్యాక జాగ్రత్త. జంటగా వచ్చేవాటిని వదిలేయండి. ఒక్క దెబ్బకి రెండు పడితే 16, లిమిట్ దాటినట్టే. ఒంటరి పిట్ట కోసం ఆగండి.

ఇద్దరూ ఒకేసారి కాల్చారు, పిట్ట ఒకటే పడింది. అప్పుడు? "నీదే" అని ముందు ఎవరంటే వాళ్లు గెలిచినట్టు. కాకపోతే తీసుకున్నవాడి సంచిలోకే, వాడి లెక్కలోకే. సాయంత్రం కూర్చుని "ఆ మూడోది నిజానికి నాది" అనే పంచాయితీ వద్దు. తర్వాతి పిట్ట వచ్చేలోపు తేల్చేయాలి.

ఆ, మర్చిపోయా. మెడ వెనక నల్ల చారతో కొంచెం పెద్దది కనిపిస్తుంది, కాలర్డ్ డవ్. మన ఊళ్లో కరెంటు తీగ మీద కూర్చుని కూసేదే, అదే జాతి. ఇక్కడ బయటి నుంచి వచ్చిన పిట్ట కింద లెక్క, మనలాగే. దానికి ఆ 15 లిమిట్ వర్తించదు. కానీ ఈకలు పీకకుండా ఉంచండి, ఏదో తెలియాలి కదా. ఎగురుతుంటే గుర్తుపట్టలేకపోతే 15లోదే అనుకోండి.

కంచె. ఆ స్తంభం మీద ఊదారంగు గీత కనిపిస్తోందా? బోర్డు లేకపోయినా టెక్సస్‌లో దాని అర్థం లోపలికి రావద్దని. పిట్ట అటు పడితే అటువైపు ఓనర్‌ని అడక్కుండా దూకకూడదు. ఛర్రాలు అటు పడినా తప్పే. అందుకే కంచె వైపు మొహం పెట్టి కూర్చోం. హద్దులు చూడ్డానికి నేను ఆన్ ఎక్స్ యాప్ వాడతా, డబ్బులు కట్టాలి గానీ పనికొస్తుంది.

గేటు. తెరిచి ఉంటే తెరిచే ఉంచండి, మూసి ఉంటే మూసేయండి. నేనోసారి తెరిచి ఉన్న గేటుని, పాపం మర్చిపోయారేమోనని మూసేసి వచ్చా. కుంట అవతల, ఆవులు ఇవతల, సెప్టెంబర్ ఎండ. ఓనర్ ఫోన్‌లో తిట్టలేదు, "గేటు నువ్వే మూశావా?" అని మాత్రం అడిగాడు. మరుసటేడు సున్నుండల డబ్బాతో వెళ్లి మళ్లీ అడిగితే రానిచ్చాడు.

ఖాళీ తూటాలు ఏరుకోండి, పక్కవాడివి కూడా. పదిహేనూ అయిపోయినవాడు గన్ కేసులో పెట్టేసి మిగతావాళ్లకి పిట్టలు ఎక్కడ పడ్డాయో చూసిపెట్టాలి, నీళ్లు అందించాలి. కార్లో ఏసీ వేసుకుని పడుకోవడం కాదు. ఆ... నేనెవరి గురించి అంటున్నానో వాడికి తెలుసు.

ఇంటికి చేరాక, అప్పుడు పెట్టుకోండి పోగులు. అందరూ ఒకరింట్లోనే వండుకుని తినేస్తే గొడవే లేదు. ఎవరైనా ఇంకొకరు కొట్టినవి పచ్చిగా వాళ్లింటికి పట్టుకెళ్తే వైల్డ్‌లైఫ్ రిసోర్స్ డాక్యుమెంట్ అని ఒక ఫారం ఉంటుంది, ఎవరు కొట్టారు, ఎవరికిచ్చారు, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని. నాలుగు కాపీలు ట్రక్‌లో పడేసుకోండి. శుభ్రం చేసే దాకా మాత్రం ఎవరూ కదలొద్దు, "మా ఆవిడ ఫోన్ చేస్తోంది" అన్నవాడికి ముందు రెక్కలు కత్తిరించే డ్యూటీ.

అది బావ చూపిస్తాడు ఇప్పుడు. కెమెరా ఇటు తిప్పుతా, ఒక్క నిమిషం. బావా, ఆ కత్తెర ఇటివ్వు. అది కాదు, అది అక్క కొత్తిమీర కోసుకునేది, చంపేస్తుంది. పెద్దది, పసుపు పిడిది.