ఏడో పేజీ దగ్గర ఆగిన పిల్లి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే చెన్నైలో ఈ పెరంబూరు దాకా ఇంతమంది వచ్చారంటే, సగం మంది పిల్లల్ని దింపడానికి వచ్చి ఇరుక్కుపోయారని నా అనుమానం. ఫరవాలేదు, కూర్చోండి.

నా పిల్లి కథ అచ్చయ్యాక ఇక్కడి ఆదివారం తెలుగు తరగతికి పది కాపీలు ఇచ్చాను. కూడబలుక్కుని చదివే పిల్లల తరగతి అది. నెల తిరగ్గానే ఉత్తరాలు వచ్చాయి. పొగిడి ఉంటారని కళ్ళజోడు తుడుచుకుని మరీ విప్పాను. మొదటి దాంట్లో ఇలా ఉంది: "మిస్, 7 పేజీ వరకు చదివాను. మిగతాది మీరే చెపండి."

'చెప్పండి'లో ఒత్తు లేదు. నవ్వకండి, అసలు సంగతి ఆ ఒత్తులోనే ఉంది. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. మన పిల్లల కళ్ళు ముందు ఆ లిపికి అలవాటు పడతాయి. అందులో 'అమ్మా' అని రాయాలంటే నెత్తిన చుక్క పెట్టిన 'మ్', దాని పక్కనే 'మా'. ఏదీ కిందికి దిగదు. క, గ రెండింటికీ ఒకటే అక్షరం. అలాంటి పిల్లాడికి తెలుగులో అక్షరం కింద ఇంకో అక్షరం ఉంటుందని ఒకసారి చెప్తే సరిపోతుందా?

ఒక ఆదివారం వెళ్ళి ఆ ఉత్తరం రాసిన బాబు పక్కన కూర్చున్నాను. తొమ్మిదేళ్ళుంటాయి. వేలు పెట్టి చదువుతున్నాడు. వేలు ఎక్కడుంది? అక్షరాల కింద, అంటే సరిగ్గా ఒత్తుల మీద! 'కుక్క' వాడికి 'కుక', 'పిల్లి' వాడికి 'పిలి'. కింద వేలు పెట్టి చదవరా అని నేర్పింది మనమే. వాళ్ళ టీచరమ్మ పర్సులోంచి పాత బస్ టికెట్టు తీసి, లైనుకి పైన ఆనించి జరుపుకుంటూ చదవమన్నారు. ఒత్తులన్నీ బయటపడ్డాయి. 'పిల్లి' అన్నాడు. ఇంకోసారి, గట్టిగా.

ఏడో పేజీలో మాత్రం టికెట్టు కూడా ఆదుకోలేదు. అక్కడ నేను 'పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయింది' అని రాశాను. వాడు ప, రు, గె అంటూ 'టూ' దాకా వచ్చేసరికి 'పరు' మర్చిపోయాడు. మళ్ళీ మొదటికొచ్చాడు. మూడోసారి పుస్తకం మూసేశాడు. 'పరుగు తీసింది' అని రాస్తే పోయేది కదా! 1947లో ఈ ఊళ్ళోనే పుట్టిన చందమామ చదివి పెరిగామని మా తరం గొప్పగా చెప్పుకుంటాం. నిజం చెప్పాలంటే, ముందు మా నాన్న చదువుతుంటే విన్నాను. కథ తెలిశాక చదివాను కాబట్టి పెద్ద మాటలు అడ్డం రాలేదు. వీళ్ళకు ఆ వినడం లేకుండానే పుస్తకం చేతిలో పెట్టాను.

ఇంకో పాప ఉత్తరం బదులు బొమ్మ పంపింది. పిల్లి ప్లేటు ముందు కూర్చుని పరోటా తింటోంది. నా కథలో పరోటా ఎక్కడిది? వెళ్ళి అడిగితే, "మీరే రాశారు కదా మిస్, పిల్లి డాబాకి వెళ్ళిందని" అంది. ఆ పిల్లకు తెలిసిన డాబా హైవే పక్కన ఉంటుంది. ఇంటి మీదుండేదాన్ని తను తమిళంలో మొట్టమాడి అంటుంది.

రెండో ముద్రణలో పరుగు మార్చాను, డాబా తీసేసి మిద్దె అని పెట్టాను. ఆ పాపకే ముందు చూపించాను. టికెట్టు పెట్టుకుని ఆ పేజీ ఆగకుండా చదివేసింది. తర్వాత మొహం ముడుచుకుని అడిగింది: "మరి పిల్లి ఏం తింటుంది మిస్?"