బల్లికి పరుపు వేస్తున్నాం అండి!

హాయ్ అండి. కిందటి వారం వీడియో కాల్‌లో మా అత్తయ్య నా వెనకాల గాజు పెట్టె చూసి "అందులో ఏముందే?" అంది. బల్లి అన్నాను. "బయటికి తోలెయ్యకుండా మూతపెట్టి ఉంచారేం?" అంది. పెంచుకుంటున్నాం అత్తయ్యా అనేసరికి అటునుంచి మాట లేదు. నెట్ పోయిందనుకున్నా. పోలేదు. కాసేపటికి, "సరే, దానికేం చేస్తావో వీడియో తీసి పెట్టు" అంది. అందుకే ఇది.

దీని పేరు చుక్క. లెపర్డ్ గెకో. మన గోడ మీది బల్లికీ దీనికీ పోలిక లేదు. పాదాలకు అంటుకునే మెత్తలుండవు, అందుకని గోడెక్కలేదు. కళ్ళకి రెప్పలుంటాయి, చక్కగా మూసుకుని నిద్రపోతుంది. బతుకంతా నేల మీదే కాబట్టి కింద ఏం పరిచామన్నదే దానికి ముఖ్యం. ఆ పరిచేదాన్ని సబ్‌స్ట్రేట్ అంటారు. ఇన్నాళ్ళూ పేపర్ టవల్ వేశాం. కొత్తగా తెచ్చిన జీవికి అదే మంచిది, మలం ఎలా ఉందో తెల్ల కాగితం మీద స్పష్టంగా కనిపిస్తుంది. కానీ తవ్వుకోవాలని పాపం రోజూ ఆ కాగితాన్నే గోకుతోంది.

"ఎడారి జీవి కదమ్మా, ఇసుక పోసేద్దాం" అన్నాడు మావాడు. నేనూ అదే అనుకున్నా. తీరా చదివితే, వీటి పుట్టిల్లు అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన వాయవ్య భారతం. అక్కడ ఇవి ఉండేది ఇసుక తిన్నెల్లో కాదు, రాళ్ళూ గట్టిబడ్డ మట్టీ ఉన్న నేలల్లో. అత్తయ్యా, విన్నావా? ఇది మనవైపుదే! మా చుక్క మాత్రం ఇక్కడే పుట్టింది, మావాడిలాగే. సొంతూరు ఇద్దరూ ఫొటోల్లో చూడాల్సిందే.

కాల్షియం ఇసుక అని రంగురంగుల ప్యాకెట్లు దొరుకుతాయి. తిన్నా అరిగిపోతుందని పైన రాస్తారు, నమ్మకండి. కాల్షియం కోసం నాకి నాకి తింటే అది పేగులో ముద్దకట్టి అడ్డుపడొచ్చు. ఇంపాక్షన్ అంటారు. పెట్టెలో వెచ్చదనం చాలకపోయినా, ఒంట్లో నీరు తగ్గినా ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. కార్పెట్‌లో గోళ్ళు చిక్కుకుంటాయి, ఎంత ఉతికినా మురికి పోదు. దేవదారు పొట్టు వాసన మనకి బాగుంటుంది గానీ వీటి ఊపిరితిత్తులకి పడదు.

కొబ్బరి పీచు పొడి తెచ్చాను. ఇటుకలా నొక్కి అమ్ముతారు. "ఒక్కటి చాలదేమో" అని బాత్‌టబ్‌లో రెండేసి నీళ్ళు పోశా. అయ్య బాబోయ్! అరగంటలో పొంగి పొంగి టబ్బు అడుగంతా నిండిపోయింది. ఇంకో రెండు బల్లుల్ని తెచ్చినా మిగులుతుంది. ప్యాకెట్ తిప్పి చూస్తే వెనక చిన్న అక్షరాల్లో ఇండియా అని ఉంది. ఇన్ని సముద్రాలు దాటి వచ్చి నా బాత్‌రూంలో పొంగుతోందా అని దాని పక్కనే కాసేపు కూర్చుండిపోయాను. తడి వాసన... సరే, వదిలేద్దాం.

అదీ పెట్టె మొత్తానికి పనికిరాలేదు. ఎండితే దుమ్ము, తడిపితే దీనికి ఎక్కువ చెమ్మ. ఒక చిన్న డబ్బాలో మాత్రం తడిపి పెట్టా. కుబుసం విడిచేటప్పుడు అందులో దూరితే వేళ్ళ దగ్గర చర్మం పట్టుకుపోకుండా ఊడొస్తుంది.

చివరికి కుదిరిందేంటంటే, ఎరువు కలపని మట్టి రెండు పాళ్ళు, కడిగిన సన్న ఇసుక ఒక పాలు. తడిపి, ఎనిమిది సెంటీమీటర్ల మందాన పరిచి, దిమ్మిస కొట్టినట్టు అరచేతులతో గట్టిగా నొక్కి, పైన ఒక పక్క పలకరాయి పెట్టాం. మొత్తం ఎంతైంది, రూపాయల్లో చెప్పమంటారా? చెప్పను. కెమెరా పట్టుకుంది మా ఆయనే.

ఆయనే అడిగారు, "అవునూ, అడుగున హీట్ మ్యాట్ ఉంది కదా, వేడి పైకెలా వస్తుంది?" అని. రాదు! అంత మందం మట్టి దాటి పైకి రాదు, కిందే చిక్కుకుంటే గాజు పగిలే ప్రమాదం కూడాను. నొక్కిందంతా మళ్ళీ చెంచాతో తోడి, మ్యాట్ పీకేసి, పైనుంచి వేడినిచ్చే దీపం వేలాడదీసి, వేడి మితిమీరకుండా చూసే థర్మోస్టాట్ తగిలించాం. పలకరాయి మీద 33 డిగ్రీలు చూపిస్తోంది, సరిపోతుంది.

ఆరడానికి ఐదు రోజులు పట్టింది. ఇవాళే వదిలాం. ఇదిగో చూడండి... రాయి వాసన చూసింది... ముందు కాలితో రెండుసార్లు తవ్వింది... మావాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. అటు పోతోంది, ఇదివరకు అలవాటైన మూలకే. తోకెత్తింది.

అత్తయ్యా, కాసేపు కళ్ళు మూసుకో.